కథను స్విచ్ వేసిన దగ్గర ఆపకు

విజయవాడ

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. బధిరత్వానికి చేసిన చికిత్సల చరిత్ర చదువుతుంటే ఈ కథ తట్టిందని రాశావు. ఆ చదువు కథలో తెలుస్తూనే ఉంది. కానీ పుట్టుకతో వినబడని ఆ పిల్లవాడిని నువ్వు వైద్యుడి కుర్చీలోంచే చూశావు. నా అభ్యంతరం అదే.

ఆ చరిత్రలో వైద్యం చేసినవాళ్ల రాతలే ఎక్కువ. పారిస్ బధిర పాఠశాల వైద్యుడు ఇటార్ పిల్లల చెవులకు విద్యుత్తు పెట్టాడు, జలగలు పట్టించాడు, కర్ణభేరికి రంధ్రాలు చేశాడు. లాభం లేదని చివరికి తానే తేల్చాడు. ఆ పిల్లలు ఏమనుకున్నారో ఎవరు రాసుకున్నారు? అదే బడిలో చదివి, 1817లో అమెరికాలో బధిరుల పాఠశాల స్థాపనలో పాలుపంచుకున్న లారెంట్ క్లెర్క్ మాత్రం తన బాల్యం గురించి కొద్దిగా చెప్పాడు. ఏడేళ్లప్పుడు తల్లి అతన్ని లియాన్‌లో ఒక వైద్యుడికి చూపించింది. పదిహేను రోజులు, రోజుకు రెండుసార్లు, ఆయన ఆ చెవుల్లోకి ఏవో ద్రవాలు ఎక్కించాడు. అవేమిటో క్లెర్క్‌కు తెలియదు. ఎలా వెళ్లాడో అలాగే తిరిగొచ్చాడు.

తన చెవిలో పోస్తున్నదేమిటో తెలియని ఆ పిల్లవాడి దగ్గర నువ్వు ఎక్కువసేపు కూర్చోవాలి. మన ఇళ్లలోనూ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తారు, దుర్గమ్మకు మొక్కుకుంటారు, ఎవరో చెప్పిన నాటువైద్యుడి దగ్గరకు బస్సెక్కుతారు. నీ బ్రాడీపేట పిల్లవాడి చెవిలో ఆపరేషన్‌కు ముందు ఎవరెవరు ఏమేం పోశారు? ఒక్క వాక్యమైనా లేదు.

ముగింపు నన్ను మరీ బాధపెట్టింది. ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే యంత్రానికి స్విచ్ వేయగానే వాడు అమ్మ గొంతు గుర్తుపట్టి నవ్వాడన్నావు. పుట్టుకతో వినని బిడ్డ ఎన్నడూ వినని గొంతును ఎలా గుర్తుపడతాడమ్మా? ఆ యంత్రం శ్రవణ నాడికి విద్యుత్ సంకేతాలు పంపుతుంది. అవి మాటలని మెదడు నేర్చుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. తల్లి రోజూ బిడ్డకు నోరు కనబడకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులు పలికి, వాడికి ఏవి అందుతున్నాయో చూస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. ‘స్’ అందని రోజున ఆమె ముఖం ఎలా ఉంటుందో రాయి.

ఇంకొకటి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి జరిగిన మహాసభ సైగల భాషను పక్కకు నెట్టి, బడుల్లో నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. దాని పర్యవసానాలను బధిరులు తరతరాలుగా మోశారు. నువ్వు ఆ అధ్యాయం చదివి కూడా నీ కథలో వాడికి ఒక్క సైగైనా ఇవ్వలేదు. స్నానానికీ నిద్రకూ ఆ యంత్రం బయటి భాగం తీసేస్తారు. అప్పుడు వాడికి మళ్లీ ఏమీ వినబడదు. ఆ వేళల్లో తల్లీబిడ్డలు ఎలా మాట్లాడుకుంటారు? రాసే ముందు బధిరుల ఇళ్లకు వెళ్లు, వాళ్లనే అడుగు. తిరగరాసిన ప్రతిని సంక్రాంతిలోపు పంపితే పండగ సెలవుల్లో చదువుతాను.