డాక్టర్ సలహా: అన్నిటికీ ‘యెస్’ అంది, మళ్లీ రాలేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. రెండేళ్లుగా ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడికి అబోరిజినల్, అంటే ఈ దేశపు ఆదివాసీ గర్భిణులు చాలామంది వస్తారు. రెండు వారాల క్రితం ఒక ఇరవై రెండేళ్ల అమ్మాయి వచ్చింది. ఊరు చాలా దూరం, తొలి కాన్పు, 33 వారాలు, షుగర్ ఉంది. సిగరెట్, మందు, ఇంట్లో గొడవలు, ఇలా ఫారంలో ఉన్నవన్నీ మర్యాదగానే అడిగాను. ఇన్సులిన్ గురించి చెబితే అన్నిటికీ తల దించుకుని ‘యెస్’ అంది. మళ్లీ రాలేదు. ‘వాళ్లంతే’ అంటున్నారు తోటివాళ్లు. కల్చరల్ సేఫ్టీ, అంటే పేషెంటు సంస్కృతిని గౌరవిస్తూ వైద్యం చేయడం మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ కూడా చేశాను నేను, సర్టిఫికెట్ ఉంది. నాలో తప్పెక్కడుంది? ఇంకొక డౌటు: వార్డులో ఒక అమ్మమ్మ, పుట్టిన బిడ్డకి ఆకుల పొగ పట్టాలంటోంది. ఒప్పుకోవచ్చా? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, తప్పొప్పుల సంగతి తర్వాత, ముందు ఆ అమ్మాయి. ఇప్పుడు 35 వారాలు, షుగర్ ఎలా ఉందో ఎవరికీ తెలీదు, కాబట్టి ఇది చదవడం పక్కన పెట్టి మీ ఆస్పత్రిలో అబోరిజినల్ కుటుంబాలకీ ఆస్పత్రికీ మధ్య మాట్లాడే అబోరిజినల్ లైజన్ ఆఫీసర్‌ని కలవండి, లేదా ఆ అమ్మాయి ఊరి క్లినిక్‌లో అబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్ ఉంటే వాళ్లకి ఫోన్ చేయండి. ఎందుకు రాలేదని మాత్రం అడిగించకండి, అది సంజాయిషీ అడిగినట్టుంటుంది. బాగుందా, కడుపులో బిడ్డ ఎప్పటిలాగే కదులుతోందా, రావడానికి ఏం అడ్డొస్తోంది, బండి పంపమంటారా, ఎవరిని వెంట తెచ్చుకుంటుంది, ఇవి చాలు. కదలికలు తగ్గినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా రాత్రయినా సరే క్లినిక్‌కి వెళ్లాలని ఆమె భాషలోనే చెప్పించండి. మీరున్న నార్తర్న్ టెరిటరీలో అబోరిజినల్ భాషలకి ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సర్వీసు ఉంది. ఆమె భాష అరెర్న్టేనా, వార్ల్పిరీనా, పిట్జన్‌జజారానా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఇంగ్లిష్ ఆమెకి మూడోదో నాలుగోదో అయ్యుండొచ్చు.

ఇక మీ ప్రశ్న. నేనూ ఆ దేశంలో కొన్నేళ్లు ప్రసూతి విభాగంలో పనిచేసి వచ్చినదాన్నే, కాబట్టి ఇందులో నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు. మొదటి సంవత్సరంలో, పేరు చెప్పను గానీ ఒక ఊరి ఆస్పత్రిలో, రెండు విజిట్లు తప్పించి మూడోసారికి వచ్చిన ఒక తల్లిని మన దగ్గర ఓపీలో పేషెంట్లని కసిరినట్టే కసిరాను. “బిడ్డ అంటే బాధ్యత లేదా” అన్నాను. తల్లి ఏమీ అనలేదు, చెప్పినదానికల్లా ‘యెస్’ అని, పెట్టమన్నచోట సంతకం పెట్టి వెళ్లిపోయింది. తర్వాత అక్కడి హెల్త్ వర్కర్ ఒకామె నన్ను పక్కకి పిలిచి చెప్పింది: ఆ ఇంట్లో చావు జరిగింది, వాళ్లు ‘సారీ బిజినెస్’లో ఉన్నారు, అంటే బంధువులంతా ఒకచోట చేరి రోజులు, ఒక్కోసారి వారాల తరబడి దుఃఖం పాటించే కాలం, ఆ మధ్యలో నా కోసం లేచి వచ్చింది. ఇంట్లో మైల ఉండగా గుమ్మం దాటని మనం ఆ మాత్రం అర్థం చేసుకోలేమా? నేను అడగలేదు, అంతే.

ఆ ‘యెస్’ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అధికారంలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని వరసగా ప్రశ్నలు వేస్తుంటే, గొడవ లేకుండా అక్కడి నుంచి బయటపడటానికి అన్నిటికీ ఔనడం అక్కడ చాలా మామూలు, కోర్టుల్లో కూడా దీనివల్ల అన్యాయాలు జరిగాయని భాషా శాస్త్రజ్ఞులు రాశారు. మన పల్లెల్లో పెద్ద డాక్టరు గారి ముందు “సరేనండి” అన్న అవ్వ ఇంటికెళ్లి మాత్రలు అటక మీద పెట్టేయడం మీరు చూడలేదా, ఇదీ అలాంటిదే, కాకపోతే దీని వెనక ఇంకా చాలా భయం ఉంది. తల దించుకోవడం కూడా నిర్లక్ష్యం కాదు, చాలామందికి పరాయి మనిషి కళ్లలోకి సూటిగా చూడటం మర్యాద కాదు. ఎదురెదురుగా కాకుండా పక్కన కూర్చోండి, ప్రశ్న వేశాక ఊరుకోండి. ఆ మౌనం మనకి ఇబ్బందిగా ఉంటుంది, వాళ్లకి ఆలోచించుకునే టైము. అర్థమైందా అని అడిగితే మళ్లీ యెస్సే వస్తుంది. “ఇంటికెళ్లాక మీ అమ్మమ్మ అడిగితే ఈ ఇంజెక్షన్ గురించి ఏం చెబుతావు?” అనండి, అప్పుడు ఎంత వరకు వెళ్లిందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు భయం. మందు తాగుతారా, ఇంట్లో కొడతారా, ఎంతమంది ఉంటారు, ఎక్కడ పడుకుంటారు అని మీరు ఫారం నింపుతుంటే ఆమెకి వినపడింది ఆరోగ్యం గురించిన ప్రశ్నలు కాకపోవచ్చు. సుమారు 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలూ మిషన్లూ కలిసి అబోరిజినల్ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయాయి, 1997లో వచ్చిన విచారణ నివేదిక ప్రకారం ఆ కాలంలో ప్రతి పది మంది పిల్లల్లో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా అలా పోయారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, సరే, కానీ ఇవాళ్టికీ ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న అబోరిజినల్ పిల్లల శాతం మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు పది రెట్లు. కాన్పు వార్డు నుంచే బిడ్డని తీసుకెళ్లిన కేసులు ఆ కుటుంబాలకి తెలుసు, వాళ్లలో ఎవరో ఒకరి పిన్నికో అక్కకో జరిగి ఉంటుంది. యూనిఫాం వేసుకున్న మీరు ఆ అమ్మాయి కంటికి ప్రభుత్వమే.

ఇక్కడ ఒక మాట కటువుగా అంటాను. మనవాళ్లలో చాలామంది, ‘మేమూ బ్రిటిష్‌వాళ్ల కింద నలిగినవాళ్లమే, మా చర్మం రంగూ అదే, మాకు వాళ్ల బాధ తెలుసు’ అనుకుంటారు. తెలీదు. వీకెండ్ పార్టీల్లో బిర్యానీ తింటూ “వాళ్లకి గవర్నమెంటు డబ్బులిస్తుంది, తాగి పడుకుంటారు” అని మాట్లాడేదీ మనవాళ్లే, నేను చెవులారా విన్నాను. ఆ మాటలు విని విని సోమవారం డ్యూటీకి వెళితే నోరు ఎంత మర్యాదగా ఉన్నా మొహంలో కనిపించేస్తుంది. మీ తోటివాళ్ల ‘వాళ్లంతే’ కూడా అదే.

కల్చరల్ సేఫ్టీ అనే మాట పుట్టింది పక్కనున్న న్యూజిలాండ్‌లో, 1980ల చివర్లో, మావోరీ నర్సుల నుంచి. దాన్ని నిలబెట్టింది ఇరిహాపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు. ఆవిడ పట్టుబట్టిన విషయం ఒక్కటే: వైద్యం సురక్షితంగా ఉందా లేదా అన్నది చేసినవాళ్లు చెప్పేది కాదు, చేయించుకున్నవాళ్లు చెప్పేది. ఆస్ట్రేలియాలో మీ రిజిస్ట్రేషన్ నియమావళి కూడా ఇప్పుడు అదే అంటుంది. అందుకే మీ సర్టిఫికెట్ మాట నేను పట్టించుకోలేదు, కోప్పడకండి. వంట బాగుందో లేదో వండినవాళ్లు కాదు కదా చెప్పాల్సింది, ఆ అమ్మాయి రాకుండా ఊరుకోవడమే మీకిచ్చిన జవాబు.

అయితే అంతా మీ మీదే వేసుకోనక్కర్లేదు. మన ఆడపిల్ల తొలి కాన్పుకి ఎక్కడికి వెళుతుంది? పుట్టింటికి. అమ్మ పక్కన ఉంటుంది, అమ్మమ్మ కషాయం కాస్తుంది. ఆలిస్ స్ప్రింగ్స్‌కి మూడొందల, అయిదొందల కిలోమీటర్ల అవతల, యుఎండుము, కింటోర్ లాంటి ఊళ్ల నుంచి వచ్చే గర్భిణిని సరిగ్గా ఆ సమయంలోనే, 36, 38 వారాల మధ్య, సొంతవాళ్ల నుంచి విడదీసి పట్నం హాస్టల్లో పెడతారు, ఎందుకంటే ఊళ్లో కాన్పు చేసే ఏర్పాటు లేదు. పెద్ద పిల్లలుంటే వాళ్లని ఎవరో చూసుకోవాలి. అందుకే కొందరు నెలలు తప్పు చెబుతారు, నొప్పులు ముదిరే దాకా ఊళ్లోనే ఉండిపోతారు. మన దగ్గర పార్వతీపురం మన్యంలో సాలూరు, గుమ్మలక్ష్మీపురాల్లో గిరిజన గర్భిణులకి వసతి గృహాలు పెట్టారు కదా, డోలీ మోతలు తప్పించడానికి అది మంచి పనే, అయినా అక్కడా ఇంటి మీద బెంగ పెట్టుకునేవాళ్లుంటారు. అవసరం నిజమే, బాధా నిజమే. ఆమెతో పాటు తల్లినో పెద్దమ్మనో పంపే వీలుందా అని ఇప్పుడే అడగండి, ప్రయాణ సహాయం కింద తోడు మనిషికి ఖర్చులిచ్చే పద్ధతి ఉంది, మీ డాక్టరు కారణం రాసి సంతకం పెట్టాలి. ఆమె రాకపోవడానికి సగం కారణం అదే అయినా నేను ఆశ్చర్యపోను.

మీ ఊళ్లోనే ఉన్న అబోరిజినల్ ఆడవాళ్ల ఆరోగ్య కేంద్రం అలుకురా గురించి మీకు తెలిసే ఉంటుంది. 1980ల్లో మధ్య ఆస్ట్రేలియా ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుని, పెద్ద ముసలమ్మల మాట ప్రకారం మాకొక చోటు కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు, 1987లో మొదలైంది, నడిపేది సెంట్రల్ ఆస్ట్రేలియన్ అబోరిజినల్ కాంగ్రెస్ అనే వాళ్ల సొంత ఆరోగ్య సంస్థ. కాన్పు సంగతులు అక్కడ ‘విమెన్స్ బిజినెస్’, మగవాళ్ల ముందు ఎత్తరు. ఆ అమ్మాయికి అక్కడ చూపించుకోవడం ఇష్టమైతే పంపండి, నా పేషెంట్ అని పట్టుకోకండి. బ్రిస్బేన్‌లో 2013 నుంచి అబోరిజినల్ సంస్థలు రెండు, మేటర్ ఆస్పత్రి కలిసి ‘బర్తింగ్ ఇన్ అవర్ కమ్యూనిటీ’ నడుపుతున్నాయి: మొదటి నుంచి చివరి దాకా ఒకే మిడ్‌వైఫ్, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఇంటికి బండి వస్తుంది, పక్కన అబోరిజినల్ కుటుంబ సహాయకురాలు, పెత్తనం కూడా సముదాయానిదే. నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం మామూలు పద్ధతిలో చూపించుకున్నవాళ్లతో పోలిస్తే మూడో వంతుకి పైగా తగ్గిందని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొత్త మందేమీ ఇవ్వలేదు, గమనించండి. మీరొక్కరే ఆ ఏర్పాటంతా తేలేరు గానీ, ఆ అమ్మాయికి ప్రతిసారీ మీరే కనపడేలా రోస్టర్ మార్పించుకోవడం మీ చేతిలో పనే.

సిగరెట్ ప్రశ్న కూడా మళ్లీ అడగాలి. మధ్య ఆస్ట్రేలియాలో చాలామంది ఆడవాళ్లు పొగ తాగరు, అడవి పొగాకు ఆకుని బూడిదతో కలిపి ముద్ద చేసి నములుతారు, పిటురీ అనీ మింగ్‌కుల్పా అనీ అంటారు. అందులోనూ నికోటిన్ ఉంటుంది. ఫారంలో ‘స్మోకింగ్: నో’ అని ఉంటుంది, ఆమె అబద్ధం చెప్పలేదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మని సిగరెట్ తాగుతావా అంటే లేదనే కదా అంటుంది!

గుండె మాటేమిటి, అది అడిగారా? చిన్నప్పుడు నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకుందా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? గుండె కవాటాలు పాడయ్యే రుమాటిక్ గుండె జబ్బు ఆ ప్రాంతపు అబోరిజినల్ యువతుల్లో బాగా ఎక్కువ, గర్భంలో చివరి నెలల్లో బయటపడి ప్రాణం మీదికి తెస్తుంది. ఏమాత్రం అనుమానం ఉన్నా ఎకో, అంటే గుండె స్కాన్ చేయించమనండి. సంస్కృతిని గౌరవిస్తున్నామని పరీక్షలు వదిలేయడం కూడా ఒక రకం చిన్నచూపే, వాళ్లకి తక్కువ వైద్యం చాలనుకోవడం.

ఇక పొగ. ఒప్పుకోవచ్చు, కానీ అనుమతిచ్చేదాన్ని నేనన్నట్టు మాట్లాడకండి. మన ఇళ్లలో బాలింతకీ బిడ్డకీ స్నానం తర్వాత సాంబ్రాణి వేయమా? డాక్టర్ని నేనే వద్దంటూ ఉంటాను, నా మనవరాలికి మా వియ్యపురాలు వేసింది, ఏం చేస్తాం. అక్కడ పెద్దావిడ కొన్ని రకాల పచ్చి ఆకులు వేడి చేసి ఆ వెచ్చటి పొగలో బిడ్డని కాసేపు పడుతుంది, బిడ్డ గట్టిపడాలని, ఆ నేలకి పరిచయం కావాలని. తల్లికి కూడా చేస్తారు. బిడ్డ నెలలు నిండి పుట్టి, ఊపిరి బాగా తీసుకుంటూ, పాలు తాగుతుంటే, ఆరుబయట, కాసేపే అయితే నాకు అభ్యంతరం లేదు. మూసిన గదిలో వద్దు. నెలలు తక్కువ బిడ్డైనా, ఆక్సిజన్ మీద ఉన్నా, ఆయాసపడుతున్నా, ఆవిడతోనే చెప్పండి, “బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా లేతగా ఉన్నాయమ్మా, ఎప్పుడు ఎలా చేస్తే బాగుంటుందో మీరే చెప్పండి” అని. అప్పటికి తల్లికి మాత్రం చేసి, బిడ్డకి తర్వాత చేద్దామని ఆవిడే అనొచ్చు. వార్డులో పొగ అలారం మోగుతుంది కాబట్టి బయట చోటు చూపించాల్సింది మీరే. పనిలో పనిగా మాయ సంగతీ అడగండి, కొన్ని కుటుంబాలు దాన్ని తమ నేలలో పూడ్చుకోవాలనుకుంటాయి, అడగకుండా పారేశాక చేసేదేం లేదు.

బిడ్డని పక్కలో వేసుకోవద్దని లెక్చర్ ఇచ్చే ముందు ఒకటి తెలుసుకోండి. మనమూ పక్కలోనే పెరిగాం, వాళ్లూ అంతే, వద్దంటే తలూపి ఇంటికెళ్లి పక్కలోనే వేసుకుంటారు. క్వీన్స్‌లాండ్‌లో న్యూజిలాండ్ పద్ధతి చూసి ‘పెపి-పాడ్’ అని చిన్న ప్లాస్టిక్ తొట్టె ఇచ్చారు, పరుపుతో సహా, అది పెద్దల మంచం మీదే పెట్టుకోవచ్చు, బిడ్డ తల్లి పక్కనే ఉంటుంది, మీద ఎవరూ పొర్లరు. మీ దగ్గర దొరుకుతుందేమో కనుక్కోండి.

ఆ అమ్మాయి వచ్చిన రోజు ఫారం తీయకండి. “పోయినసారి తొందరపడి చాలా ప్రశ్నలు వేశాను, సారీ” అనండి, ఏమీ కాదు, ఉద్యోగం పోదు. పిల్లల భద్రత విషయంలో తెలిసింది రిపోర్ట్ చేయాల్సిన బాధ్యత చట్టం ప్రకారం మీ మీద ఉందన్నది కూడా దాచకుండా ముందే చెప్పండి, ఏది ఎవరికి చెబుతారో, ఏది చెప్పరో వివరంగా. తర్వాత షుగర్ చూడండి. పరగడుపుదీ, తిన్న తర్వాతదీ రాసి మీ ఆబ్‌స్టెట్రీషియన్‌కి అదే రోజు చూపించండి. ఇన్సులిన్ తప్పదంటే, ఊళ్లో ఇంట్లో ఫ్రిజ్ ఉందా లేదా, లేకపోతే క్లినిక్‌లో పెట్టుకునే వీలుందా అన్నది కూడా ఆ రోజే కనుక్కోండి.