చమురు దేశమైన నైజీరియాలో పెట్రోలు ధర మీద సమ్మెలెందుకు?

అక్కడ ముడి చమురు పుష్కలంగా ఉన్నా బంకులో పోసే పెట్రోలు చాలాకాలం దిగుమతిదే. దాన్ని చౌకగా ఉంచిన సబ్సిడీని తీసేసినప్పుడు ధర ఒక్కసారిగా ఎగబాకి కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి. ముడి చమురును పెట్రోలుగా మార్చే ప్రభుత్వ రిఫైనరీలు సరిగ్గా నడవకపోవడమే అసలు తిరకాసు. పైగా కరెంటు నమ్మకం లేక మంగలి షాపు, జిరాక్సు కొట్టు కూడా పెట్రోలు జనరేటర్ మీదే నడుస్తాయి. కాబట్టి దెబ్బ బస్సు చార్జీతో ఆగదు.

2012 జనవరి 1న సబ్సిడీ ఎత్తేశారు. లీటరు 65 నైరాల (అక్కడి కరెన్సీ) నుంచి 140 దాకా వెళ్లింది. 9న దేశవ్యాప్త సమ్మె మొదలైంది. 16న ధర 97కు దించాక విరమించారు. సగం గెలుపే అనాలి.

అంతర్జాతీయంగా చమురు ధర పెరిగితే అక్కడి జనానికి లాభమేగా అనుకుంటారు. ఎగుమతి రాబడి పెరుగుతుంది, నిజమే; దిగుమతయ్యే పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.