వీణ గదిలో ఏం వెతకమంటున్నావు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. విజయనగరంలో కనబడకుండా పోయిన వీణ విద్వాంసుడి మీద నువ్వు రాసిన హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్ (బొమ్మలో దాగిన వస్తువులను జాబితా చూసి వెతికే ఆట) కథను, దానితో పంపిన వస్తువుల జాబితాలను రెండుసార్లు చదివాను. కథ నాకు బాగా నచ్చింది. జాబితాల గురించే నీతో వివరంగా మాట్లాడాలి. ఈ ఆటలు ఆడేవాళ్లు కథ చదవడానికి ఎంత సమయం పెడతారో, జాబితాలోని మాటలను పదే పదే చూసుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు పెడతారు.

ఈ తరహా ఆటలకు ఊపు తెచ్చిన వాటిలో 2005లో సియాటిల్‌కు చెందిన బిగ్ ఫిష్ గేమ్స్ విడుదల చేసిన ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’ ముఖ్యమైనది. అందులో గడియారం తరుముతుంటుంది, కథ పలుచగా ఉంటుంది. మరుసటి ఏడాది అదే వరుసలో వచ్చిన ‘రేవెన్‌హర్స్ట్’లో మాత్రం, గదులు వెతుకుతున్న కొద్దీ ఎమ్మా అనే యువతి డైరీ పుటలు బయటపడుతుంటాయి, ఆమె తిరస్కరించిన చార్లెస్ డాలిమార్ స్వభావం పుట పుటకూ మనకు తెలిసివస్తుంది. తర్వాతి పుట కోసమే నేను ఆ ఆటను అర్ధరాత్రి దాటేదాకా ఆడాను. అయినా ఆ గదుల్లో వెతికే వస్తువులకూ ఎమ్మా జీవితానికీ పొంతన తక్కువ. నీ కథ ఆ లోటును పూరించగలదు, అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

విసుగు ఎక్కడ పుడుతుందో చెబుతాను. ఈమధ్య ఆడిన ఒక ఆటలో వంటగదిలో జడపిన్ను వెతకాలి. దాన్ని పైకప్పు దూలం నీడలో, దూలం రంగులోనే, సగం మాసిపోయినట్టు వేశారు. పావుగంట వెతికి, కనబడ్డచోటల్లా నొక్కుతూ పోతే, ఊరికే నొక్కుతున్నానని ఆట కాసేపు బాణం గుర్తును కదలనివ్వలేదు. చివరికి సూచన అడిగితే మెరుపు వలయం దాన్ని చూపించింది. అయినా ‘అయ్యో, కళ్లెదుటే ఉందే’ అనిపించలేదు. ఆ ‘అయ్యో’ కోసమే మనం ఈ ఆటల దగ్గర కూర్చుంటాం. వంటగదిలో జడపిన్ను ఎందుకుందో కథ చివరిదాకా చెప్పలేదు కూడా. పైగా అదే గదికి, ఏ మార్పూ లేకుండా, కొత్త జాబితాతో మూడుసార్లు పంపించారు.

ఇప్పుడు నీ వీణ గదికి వస్తాను. జాబితాలో పెంగ్విన్ బొమ్మ, గుర్రపు నాడా ఉన్నాయి, రెండూ తీసెయ్. ఆ గదిలో మైనం ముద్ద, తీగ బిగించే బిరడ, పనస చెక్క పేళ్లు, విద్వాంసుడి కళ్లజోడు ఉండనీ. నువ్వు రాసిన ‘తీగ’, ‘మెట్లు’, ‘తాళం’ అన్న మూడు మాటలు చూసి ఎంతో సంతోషించాను, ఎందుకంటే కిటికీకి పాకిన మల్లెతీగా, వీణ తీగా ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. మెట్లు మేడకూ ఉన్నాయి, వీణకూ ఉన్నాయి. తాళం తలుపుకు వేసేది కావచ్చు, భజనలో మోగేది కావచ్చు. అయితే ఈ శ్లేషను ఎదుటివాణ్ణి తికమకపెట్టడానికి వాడవద్దు. రెండు అర్థాల్లో ఏది నొక్కినా దొరికినట్టే లెక్కించు, లేదా పక్కన ఒక చిన్న పొడుపు వాక్యం రాయి. 2017లో వచ్చిన ‘హిడెన్ ఫోక్స్’లో వెతకవలసిన ప్రతిదానికీ అలాంటి వాక్యం ఒకటి ఉంటుంది, గడియారం అసలే ఉండదు; ఆ వాక్యం చదివి ఎక్కడ చూడాలో ఊహించుకోవడంలోనే సగం ఆనందం ఉంది.

వీణకు వాయించే తీగలు 4, పక్కన తాళపు తీగలు 3. గోడకు ఆనించిన వీణకు రెండు తాళపు తీగలే ఉన్నట్టు బొమ్మ వేయించు. ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. తర్వాత పెట్టె అడుగున చుట్టచుట్టిన తీగ దొరికినప్పుడు, ఆడేవాడు మళ్లీ వీణ వైపు చూసి తానే లెక్కపెట్టుకుంటాడు. తీగను తెంచి దాచిన మనిషి ఎవరన్న ప్రశ్న అక్కడే, నువ్వు ఒక్క ముక్క రాయకుండానే పుడుతుంది.

మాండలికాల సంగతి కూడా గమనించు. నీ ‘చీపురు’ కొన్ని జిల్లాల్లో ‘పొరక’. మాట మీద నొక్కితే రెండో పేరు కనబడేలా పెడితే ఎవరికీ పరాయిగా ఉండదు. సూచనలను లెక్కపెట్టి ఇవ్వకు, కాస్త ఆగి మళ్లీ నిండేలా ఉంటే చాలు.

విద్వాంసుడి గదికి కథలో రెండోసారి వెళ్లేటప్పటికి మైనం కరిగి ఉండాలి, కళ్లజోడు చోటు మారి ఉండాలి. ముందు ఆ సన్నివేశాన్ని, దాని జాబితాను పన్నెండు మాటలు మించకుండా తిరగరాసి పంపు. మిగతా గదులను ఆ తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి