ఆదివారం సర్దిన ఇల్లు బుధవారానికి మళ్లీ మొదటికే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ప్రతి ఆదివారం నాలుగు గంటలు ఇల్లు సర్దుతాను. బుధవారానికల్లా డైనింగ్ టేబుల్ మీద చెయ్యి పెట్టే జాగా ఉండదు. అత్తయ్యగారు ఖాళీ డబ్బాలు, పాత దుప్పట్లు వేటినీ వదలరు. మావారి పాత ఛార్జర్లు, వైర్లు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. పోయిన నెల ఆయన ఊళ్లో లేనప్పుడు ఒక పెట్టె పాత సామానుకు వేసేశాను. అందులో హార్డ్‌డిస్క్ ఉందట, పాప చిన్నప్పటి ఫొటోలు దాంట్లోనే ఉన్నాయట. అప్పట్నుంచి సరిగ్గా మాట్లాడరు. "ఇదంతా నీకొక్కదానికే చెత్తలా కనిపిస్తుంది" అంటారు. ఆఫీసు నుంచి ఇంటికి రావాలంటేనే విసుగ్గా ఉంటోంది. లోపం నాలోనే ఉందా?

జవాబు: ముందు ఆ హార్డ్‌డిస్క్ సంగతి తేలాలి, ఇల్లు తర్వాత. మీ ఉద్దేశం మంచిదే అయినా ఆ పెట్టె మీది కాదు. పైగా ఆయన లేని సమయం చూసి తీశారు. ఫొటోలు పోయిన బాధ ఒకటైతే, తను గడప దాటితే తన వస్తువులకు దిక్కు లేదన్న అనుమానం ఇంకొకటి. ఆ అనుమానం పడ్డ మనిషి ఇకమీదట పనికిరాని వైరును కూడా గట్టిగా పట్టుకుంటాడు. "అడక్కుండా తీయడం నా తప్పు. మీ వస్తువేదీ మీరు చూడకుండా ఇకపై బయటికి పోదు" అని చెప్పండి, అక్కడితో ఆపండి. వెంటనే "కానీ మీరు కూడా..." అన్నారంటే క్షమాపణ కాస్తా కొత్త గొడవవుతుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని పాత ఫోన్లు, మెయిళ్లు, బంధువులకు అప్పట్లో పంపిన వాట్సాప్ ఫొటోలు ఒక గంట వెతకండి. అన్నీ దొరక్కపోవచ్చు. కలిసి వెతకడమే సగం పని చేస్తుంది.

ఇక లోపం మాట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాల మీద డార్బీ శాక్స్‌బీ, రెనా రెపెట్టి చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. ఆ దంపతులు తమ ఇంటిని తిప్పి చూపిస్తూ ఏం మాట్లాడారో అందులో గమనించారు. సామాను పేరుకుపోయిందని, పనులు సగంలో ఉన్నాయని ఎక్కువగా చెప్పుకున్న ఆడవాళ్లలో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను పొద్దుటి నుంచి సాయంత్రానికి తగ్గాల్సినంత తగ్గలేదు. రోజు గడిచేకొద్దీ దిగులూ పెరిగింది. ఇల్లే దానికి కారణమని దీంతో రుజువైపోదు గానీ, మీ విసుగు మీరు కల్పించుకున్నది కాదని మాత్రం చెప్పొచ్చు. ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి, అయితే గెలవడానికి కాదు.

నాలుగు గంటల శ్రమ మూడు రోజులకే ఎందుకు కరిగిపోతోంది? ఆదివారం మీరు సామాను సర్దుతున్నారు, తగ్గించడం లేదు. 40 జతలు పట్టే అల్మరాలో 60 జతలుంటే ఎంత నేర్పుగా మడతపెట్టినా, అడుగు నుంచి ఒకటి లాగగానే పైవన్నీ జారతాయి. కిక్కిరిసిన అరలోంచి వస్తువు తీయడం కన్నా తిరిగి పెట్టడం కష్టం. తీసేటప్పుడు అవసరం తరుముతుంది, పెట్టేటప్పుడు ఎవరూ తరమరు. అందుకే అది కుర్చీ మీదో టేబుల్ మీదో ఆగిపోతుంది. ప్రతి అరలో సుమారు అయిదో వంతు ఖాళీ ఉంటేనే పెట్టే చేతికి దారి దొరుకుతుంది. ఇదంతా అయ్యేదాకా కొత్త ప్లాస్టిక్ పెట్టెలు మాత్రం కొనకండి. ఏం మిగులుతుందో తెలియకుండా కొన్న పెట్టెలో అనవసరమైనవే చక్కగా దాక్కుంటాయి. పైగా ఆ పెట్టె కూడా ఓ సామానే.

పని టేబుల్‌తో మొదలుపెట్టండి. ఈ రాత్రి దాని మీదున్నవి తీసేయకుండా ఒక కాగితం మీద రాయండి. బహుశా ఇలా ఉంటుంది: తాళాలు, విప్పిన పార్సిల్ కవరు, సంతకం పెట్టాల్సిన బడి కాగితం, సగం వాడిన మాత్రల షీటు, ఛార్జర్, చక్రం ఊడిన బొమ్మ కారు, ఎవరికో తిరిగి ఇవ్వాల్సిన డబ్బా. పక్కనే ప్రతిదానికీ ఎందుకు అక్కడ ఆగిందో రాయండి. తాళాలకు ఇంట్లో చోటే లేదు. మాత్రలకు చోటుంది, కానీ పడకగది బీరువాలో పై అరలో. కారు బాగుచేయాలా పారేయాలా అన్నది ఎవరూ తేల్చలేదు.

చికిత్స అక్కడే తెలిసిపోతుంది. తాళాలకు గుమ్మం పక్కనే కొక్కెం. పార్సిళ్లకు గుమ్మం దగ్గరే కత్తెర, పక్కన చెత్తసంచి. అడ్రసు చీటీ చింపేసి కవరు అక్కడే వదలాలి, లోపలికి రానివ్వకూడదు. బడి కాగితాలకు టేబుల్ దగ్గరి గోడకు ఒక క్లిప్, దానికి దారంతో కట్టిన పెన్ను. సంతకం అయిన నిమిషమే అది పాప బ్యాగులోకి పోవాలి. తిరిగి ఇవ్వాల్సిన డబ్బా చెప్పుల దగ్గర నేల మీద ఉండాలి, కాలికి తగిలితేనే గుర్తొస్తుంది. వస్తువులు ఎక్కడ పోగుపడుతున్నాయో వాటి స్థానం ఆ చుట్టుపక్కలే ఉండాలి. మనుషుల అలవాటు మార్చడం కన్నా కొక్కెం మార్చడం తేలిక. తలుపు తీసి, పెట్టె లాగి, మూత తీసి పెట్టాలంటే మూడు పనులు. బాబు సంగతి అటుంచండి, అలసిపోయిన పెద్దవాళ్లే చేయరు. రోజూ వాడేవి ఒక్క కదలికలో పెట్టగలిగేలా ఉండాలి.

తగ్గించే పని వారంలో నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు చాలు. నాలుగు గంటలు ఏకబిగిన చేస్తే మొదటి గంటలో నిర్ణయాలు గట్టిగా ఉంటాయి, మూడో గంటకు అన్నిటికీ "ఉండనీలే" అనే వస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ఒక్క సొరుగు లేదా ఒక్క అర, అంతే. అల్మరా మొత్తం మంచం మీద కుప్ప పోస్తే మధ్యలో బాబు ఏడ్చాడనో ఫోన్ వచ్చిందనో లేస్తారు, రాత్రి పడుకునేముందు ఆ కుప్ప యథాతథంగా లోపలికి పోతుంది. మూడు సంచులు దగ్గర పెట్టుకోండి: పారేసేవి, ఇచ్చేసేవి, వేరే గదివి. వేరే గది వస్తువు చేతికి రాగానే లేచి వెళ్లి పెట్టి రావద్దు. అలా వెళ్లినవాళ్లు పదినిమిషాల తర్వాత ఆ గదిలో పాత ఆల్బం తిరగేస్తూ కనిపిస్తారు. 15 నిమిషాలకు చెయ్యి ఆపి, మిగిలిన అయిదు నిమిషాల్లో పారేసే సంచి, వేరే గది సంచి ఖాళీ చేయండి.

ఇచ్చేసే సంచి రెండు రోజుల్లో ఇల్లు దాటాలి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ముడేసి అటక మీద పెట్టిన సంచి ఏ నెలకో కిందికి దిగుతుంది, అందులోవి ఒక్కొక్కటీ అరల్లోకి తిరిగొస్తాయి. ఎవరికి ఇస్తున్నారో ముందే అనుకుని, సంచి మీద పేరు రాసి బండి దగ్గర పెట్టండి.

వరస కూడా ముఖ్యమే. బాత్‌రూమ్ సొరుగు, వంటగదిలో ఒకటికి రెండు ఉన్న గరిటెలు, మూతల్లేని డబ్బాలు, జత తప్పిన మేజోళ్లు, రాయని పెన్నులు ముందు. వీటికి మనసు అడ్డుపడదు. తర్వాత బట్టలు. కాగితాలు ఆ తర్వాత. ఫొటోలు, ఉత్తరాలు, పిల్లల మొదటి బట్టలు చిట్టచివర. వాటితో మొదలుపెట్టిన ఇల్లు మొదటి సొరుగు దగ్గరే ఆగిపోతుంది.

"ఎప్పటికైనా పనికొస్తుందా?" అని అడక్కండి. దానికి జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. "ఇది కావాల్సొచ్చిన రోజున మన దగ్గరుందని గుర్తొస్తుందా, రెండు నిమిషాల్లో దొరుకుతుందా?" అని అడగండి. దొరకని వస్తువును ఎలాగూ మళ్లీ కొంటున్నారు. తేలనివాటికి ఒక్కటే అనుమానాల పెట్టె ఉంచి, మూతకు టేపు వేసి తేదీ రాయండి. మూడు నెలలు ఎవరూ తెరవకపోతే ఇచ్చేయొచ్చు. అయితే అందులో ఉండాల్సినవి మీ వస్తువులే.

ఇంకొకరి వస్తువు మనకు చెత్తగా, వాళ్లకు విలువైనదిగా ఎందుకు కనిపిస్తుందో కూడా తెలుసుకుంటే గొంతు కాస్త మెత్తబడుతుంది. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమన్నారు, కొందరిని కొనమన్నారు. చేతికి వచ్చి కాసేపే అయినా, అమ్మేవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత మమకారమైతే, అత్తయ్యగారు ఇరవై ఏళ్లు కప్పుకున్న దుప్పటి మాటేమిటి?

అందుకే ఆవిడ గదితో మొదలుపెట్టకండి. ఆ గదిలో ప్రస్తుతానికి చూడాల్సింది ఒక్కటే: రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా కాలికి ఏదీ అడ్డు తగలకూడదు. డబ్బాల విషయంలో "పడేద్దామా అత్తయ్యా?" అంటే "వద్దు" అనే వస్తుంది. "ఏ మూత ఏ డబ్బాకు సరిపోతుందో చూసి పెడతారా?" అని అడగండి. మూతలు కుదరనివి ఆవిడే పక్కన పెడతారు. తర్వాత ఒక అర పూర్తిగా ఆవిడకు ఇచ్చేసి, "ఇందులో పట్టినన్ని మీ ఇష్టం" అనండి. హద్దు అర గీస్తుంది, కోడలు గీయక్కర్లేదు. దుప్పట్లకు లెక్క వేసుకోవచ్చు: మనిషికి రెండు, వచ్చేపోయేవాళ్లకు రెండు. మిగిలినవి ఫలానావాళ్లకు అవసరమట అని చెబితే ఇవ్వడం తేలిక, పారేయాలంటే ఎవరికైనా కష్టమే. ఆ రోజు అయిదు డబ్బాలే కదిలినా చాలనుకోండి. దాచుకున్న దుప్పట్లు పూర్తిగా ఆరాకే మడతపెట్టాలి. తడి మిగిలినవాటిని గాలాడని ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే బూజు వాసన ఖాయం.

మీవారి రెండో పెట్టెను ఆయనే తెరవాలి. మీరు పక్కన కూర్చుని రంగు టేపు ముక్కలు అందించండి. ఏ వైరు ఏ యంత్రానిదో టేపు మీద రాసి అంటించాలి. ఆ యంత్రం ఇంట్లో లేకపోతే వైరు పోవచ్చు, ఒకే రకానివి రెండుకు మించి అక్కర్లేదు. హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు, పాత ఫోన్లు వేరే డబ్బాలోకి పోవాలి. తెరిచి చూసి, కావాల్సినవి రెండు చోట్ల కాపీ చేసేదాకా ఆ డబ్బా ఎక్కడికీ కదలకూడదు. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే పొడవకండి, ఛార్జింగ్ పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి. లిథియం బ్యాటరీలు నలిగితే మంటలు రావచ్చు. విడి బ్యాటరీల కొసలకు టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి.

పిల్లల బొమ్మలు సగం పైకి ఎత్తిపెట్టి రెండు మూడు వారాలకోసారి మార్చండి. బయట ఉన్నవాటికి మూతల్లేని మూడు బుట్టలు, చదవడం రాని బాబు కోసం ఒక్కోదానికి బొమ్మ అంటించండి. ఎత్తిపెట్టినవి అల్మరా నెత్తిన వాళ్లకు కనిపించేలా ఉంచొద్దు, పట్టుకుని ఎక్కుతారు. బరువైనవి కింది అరల్లో ఉండాలి, పొడుగాటి అల్మరాను గోడకు బిగించాలి.

గడువు తీరిన మందులను మందులషాపు వెనక్కి తీసుకుంటుందేమో ముందు అడగండి. లేకపోతే తడిమట్టిలో కలిపి, కవర్లో మూసి చెత్తలో వేయండి, చీటీ మీది పేరు కొట్టేయండి. నున్నటి కాగితం మీద వచ్చే బిల్లుల అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, గ్యారంటీ ఉన్నవాటిని ఈరోజే ఫొటో తీసుకోండి.

రాత్రి పది నిమిషాలు టేబుల్, సింకు, హాల్లో నేల, ఈ మూడే. నలుగురూ ఒకే సమయంలో చేయాలి, ఎవరిది ఏదో ముందే తేల్చుకోవాలి. మీరు చేస్తుంటే మిగతావాళ్లు టీవీ చూస్తున్నారంటే అది మీకు ఇంకో డ్యూటీ, నెల తిరక్కుండా ఆగిపోతుంది. టేబుల్ మీవారికి అప్పగించండి. ఆయన పద్ధతి మీకు నచ్చకపోయినా వెనకాలే వెళ్లి మళ్లీ సర్దకండి.

అత్తయ్యగారిది జబ్బేమోనన్న అనుమానం వస్తే: పారేయాలంటేనే భరించలేని ఆందోళన, పేరుకున్న సామాను వల్ల గదిని గదిగా వాడుకోలేని పరిస్థితి, ఈ రెండూ కలిసి ఉంటే దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా డీఎస్ఎమ్-5లో 2013 నుంచి దానికి విడిగా గుర్తింపు ఉంది. బలవంతంగా ఖాళీ చేయిస్తే మనిషి కుంగిపోతారు, గది మళ్లీ నిండుతుంది. దానికి మానసిక నిపుణుల థెరపీ కావాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో అంత దూరం వెళ్లినట్టు లేదు. మీ దిగులు మాత్రం నిద్ర మీద, తిండి మీద పడి రెండు వారాలకు మించితే మీరే ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి.

మొదటి వారం టేబుల్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. వచ్చే ఆదివారం ఒక గంట ఆ ఫొటోల వేటకు పెట్టండి, మిగతా మూడు గంటలు ఇల్లు ఎలా ఉంటే అలా ఉండనివ్వండి.