మెడలో బిళ్లలు, ఈబీవీ పాజిటివ్.. క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రెండు వారాలుగా జ్వరం, గొంతు నొప్పి, మెడకు రెండు వైపులా బిళ్లలు కట్టాయి. మెడికల్ షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్ వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. పరీక్షలో ఈబీవీ పాజిటివ్ అన్నారు. ఈ వైరస్ మన రోగనిరోధక కణాలకు దొంగ సిగ్నల్స్ ఇచ్చి క్యాన్సర్ తెస్తుందని నెట్‌లో చదివాను. అమ్మాయి కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఉంది. ఏం చేయాలి?
- ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదమ్మా, కానీ అది సగమే. ఈ ఎప్‌స్టీన్ బార్ వైరస్ (ఈబీవీ) 1964లో బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ కణాల్లో బయటపడింది. అప్పటి నుంచి క్యాన్సర్ వైరస్ అన్న పేరు దాన్ని వదల్లేదు. నిజానికి పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఇది ఉంటుంది. మీకూ చిన్నప్పుడే మామూలు జలుబులా వచ్చిపోయి ఉండొచ్చు.

ఇది దూరేది ముఖ్యంగా యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లోకి. బి కణం బతికి, సంఖ్య పెంచుకోవాలంటే రెండు సిగ్నల్స్ అందాలి. తన మీద సిగ్నల్ అందుకోవడానికి ఉన్న రిసెప్టార్‌కు క్రిమి తగిలితే ఒకటి, టి కణం అనే మరో రోగనిరోధక కణం వచ్చి సీడీ40 అనే మరో రిసెప్టార్‌ను తాకితే రెండోది. వైరస్ ప్రొటీన్లలో ఎల్ఎంపీ2ఏ మొదటిదాన్ని, ఎల్ఎంపీ1 రెండోదాన్ని అనుకరిస్తాయి. ఎల్ఎంపీ1కు ఎవరూ వచ్చి తాకనక్కర్లేదు. స్విచ్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్‌లా మోగుతూనే ఉంటుంది. దాంతో బి కణం చావాల్సిన చోట చావకుండా పెరుగుతుంది.

నెట్‌లో ఇక్కడితో ఆపేస్తారు. ఇలా పెరిగే కణాలను టి కణాలు పసిగట్టి చంపేస్తాయి. మీ అమ్మాయి రిపోర్టులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉంటే, అవి చాలావరకు ఆ టి కణాలే. బిళ్లలు కట్టిందీ ఆ పోరులోనే. మిగిలిన కొద్దిపాటి బి కణాల్లో వైరస్ ఆ ప్రొటీన్లను దాదాపు ఆపేసి, జీవితాంతం నక్కి ఉంటుంది. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో, హెచ్ఐవీ ముదిరినవాళ్లలో టి కణాలు బలహీనపడితే లింఫోమా ముప్పు నిజంగానే పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు క్యాన్సర్ రావడం చాలా అరుదు, ఆ టెన్షన్ వద్దు.

నన్నడిగితే ఇప్పుడు జాగ్రత్త పడాల్సింది కబడ్డీ దగ్గర. ఈ జబ్బులో పొట్టలో ఎడమ వైపు ఉండే ప్లీహం (స్ప్లీన్) ఉబ్బుతుంది. దెబ్బ తగిలితే చిట్లిపోవచ్చు. జ్వరం మొదలైనప్పటి నుంచి కనీసం నాలుగు వారాలు ఆట మాన్పించండి, ఆ తర్వాతా డాక్టరు పొట్ట చూసి సరేనన్నాకే పంపండి. ఎడమ డొక్కలోనో ఎడమ భుజంలోనో ఉన్నట్టుండి నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఊపిరాడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. ఈ జ్వరంలో అమాక్సిసిలిన్ పడితే దద్దుర్లు రావడం మాకు తెలిసిన విషయమే. పెన్సిలిన్ ఎలర్జీ అని ఖాయం చేసుకునే ముందు డాక్టర్‌ను అడగండి. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి చాలు. రూమ్మేట్లతో ఒకే బాటిల్ తాగొద్దని చెప్పండి, ఇది ఉమ్మి ద్వారా అంటుతుంది. నీరసం కొన్ని వారాలు ఉంటుంది. బిళ్లలు నెల దాటినా తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నా మళ్లీ చూపించండి. మన దగ్గర మెడ బిళ్లలంటే టీబీ కాదని కూడా తేల్చుకోవాలి.