ఏజెన్సీకి 94 మార్కులు వస్తే మీ అద్దెకు గ్యారంటీ ఉన్నట్టేనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 38 ఏళ్లు. హెచ్‌1బీ మీద ఐటీ ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, మా ఆవిడ ఉద్యోగం చేయడం లేదు. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 7,500 డాలర్లు, బ్యాంకులో 6,500 ఉన్నాయి. ఇంటి మీద 80,000 డాలర్ల హీలాక్ (ఇంటిని హామీగా పెట్టి, కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు లైను) శాంక్షన్ అయింది. అందులో 60,000 తీసి, మిగతాది మార్ట్‌గేజ్ పెట్టి, ఒహాయోలో 1,40,000కి వస్తున్న పాత ఇల్లు కొని, సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) ఉన్నవాళ్లకు అద్దెకివ్వాలని ఆలోచన. అక్కడి హౌసింగ్ ఏజెన్సీకి ప్రభుత్వ రేటింగ్‌లో 94 వచ్చింది, 'హై పెర్ఫార్మర్'. అద్దె 1,550లో 1,250 ఏజెన్సీయే నేరుగా వేస్తుంది. రెండు లోన్లు, పన్ను, ఇన్సూరెన్స్ కలిపి 1,441 పోగా నెలకు 109 మిగులుతాయి. ఎమర్జెన్సీ వస్తే హీలాక్‌లో ఇంకో 20,000 ఉన్నాయి కదా. శుక్రవారం లోపు అడ్వాన్స్ కట్టాలంటున్నారు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దండీ. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. ఊరు మారుతుంది, ఇంటి ధర మారుతుంది, "గవర్నమెంట్ డబ్బు, టెన్షన్ ఉండదు" అన్న మాట మాత్రం మారదు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ముందు ఆ 94 సంగతి. మీరు చూసింది ఫాస్ స్కోరు. అమెరికా గృహనిర్మాణ శాఖ 'హడ్' పబ్లిక్ హౌసింగ్ ఏజెన్సీలకు 100కి వేసే మార్కులు అవి. భవనాల స్థితికి 40, ఆర్థిక పరిస్థితికి 25, నిర్వహణకు 25, మరమ్మతుల గ్రాంటు వాడకానికి 10. తొంభై, ఆపైన వస్తే హై పెర్ఫార్మర్. అరవై కూడా రాకపోతే 'ట్రబుల్డ్'. ఇదంతా ఏజెన్సీ సొంత భవనాల లెక్క. మీరు కొనబోయే ఇల్లు అందులో లేదు.

వోచర్లకు సీమాప్ అని వేరే కొలత ఉంది. వెయిటింగ్ లిస్టు పాటించారా, కిరాయిదారు ఆదాయం సరిగ్గా లెక్కగట్టారా, ఇళ్ల తనిఖీలు జరిగాయా, ఇలా 14 అంశాలు. చాలావాటికి ఏజెన్సీ తనకు తానే సర్టిఫై చేసుకుంటుంది. ఓనరుకు డబ్బు టైముకి పడిందా అన్న ప్రశ్న ఆ పద్నాలుగింటిలో ఎక్కడా లేదు. వచ్చే కిరాయిదారు ఎలాంటివాడో ఆరా తీయాల్సింది కూడా మీరే, ఏజెన్సీ కాదు.

అసలు మార్కులను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో కథ. న్యూయార్క్ హౌసింగ్ అథారిటీ మీద 2018 జూన్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు వేసిన కేసు చదవండి. తనిఖీ వాళ్లు వచ్చే ముందు లీకులు కనబడకుండా భవనానికి నీళ్లు కట్టేశారని, పాడైన చోట్ల ప్లైవుడ్ కొట్టి రంగు వేశారని, చూపించలేని గదులకు 'ప్రమాదం, లోపలికి రావద్దు' అని బోర్డు తగిలించారని అందులో ఆరోపించారు. మన ఊళ్లో కలెక్టరు వస్తున్నాడంటే హాస్టల్ గోడలకు సున్నం కొట్టినట్టే. అన్ని ఏజెన్సీలూ అంతే అనను. కానీ ఒక నంబర్ చూసి 60,000 అప్పు తీయడానికి అది కారణం కాదు.

అయితే ఆ రేటింగ్‌లో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఆర్థిక పరిస్థితికి ఇచ్చే 25 మార్కుల్లో 11 ఒకే ఒక్క ప్రశ్నకు: చేతిలో ఉన్న మిగులుతో ఏజెన్సీ ఎన్ని నెలల ఖర్చు నెట్టుకురాగలదు? నాలుగు నెలలకు సరిపడా ఉంటే పూర్తి మార్కులు, ఒక నెలకు కూడా లేకపోతే సున్నా. ఫెడరల్ గ్రాంట్లు వచ్చే ఏజెన్సీనే హడ్ ఈ ప్రశ్న అడుగుతోంది. ఇదే కొలత మీకు పెట్టండి. ఖర్చు 7,500, చేతిలో 6,500. ఒక నెల కూడా గడవదు. మీకు వచ్చేది సున్నా. పైగా మీది ఒకటే జీతం, అదీ వీసాకు ముడిపడినది. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీలాంటి ఇంటికి నేను నాలుగు నెలలు కూడా ఒప్పుకోను. ఆరు నెలల ఖర్చు, అంటే 45,000 డాలర్లు సేవింగ్స్‌లో ఉండాలి. 401కే రిటైర్మెంట్ ఖాతా అందులోకి రాదు, ఊళ్లో ప్లాటు అంతకంటే రాదు.

హీలాక్‌లో మిగిలే 20,000ని ఎమర్జెన్సీ ఫండ్ అనడం చూసి మాత్రం నాకు ఓపిక నశించింది. అది మీ డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. ఇంటి విలువ బాగా పడిపోయినా, మీ ఆర్థిక పరిస్థితి దెబ్బతిన్నా బ్యాంకు ఆ లైను ఆపేయవచ్చు. 2008లో చాలామందికి అదే జరిగింది. అంటే మీకు అవసరం పడే రోజే అది మూతపడే అవకాశం ఎక్కువ. వడ్డీ కూడా స్థిరం కాదు. 2022 మార్చి మొదట్లో 3.25 శాతం ఉన్న ప్రైమ్ రేటు (హీలాక్ వడ్డీకి ఆధారమైన బ్యాంకు రేటు) 2023 జులై చివరికి 8.5 అయింది. మీ 60,000 మీద ఒక్క శాతం పెరిగితే నెలకు 50 డాలర్లు. మీ మిగులులో దాదాపు సగం అక్కడే పోయింది.

ఆ మిగులైనా ఉందా? ఫ్రిస్కోలో కూర్చుని ఒహాయో ఇంట్లో కుళాయి మీరు బిగించలేరు. మేనేజర్‌ను పెట్టాలి. పది శాతం తీసుకున్నా 155. మీ 109 కాస్తా మైనస్ 46 అయింది. ఇంకా రిపేర్లు, ఖాళీగా ఉండే నెలలు వేయనేలేదు. తనిఖీ పాసై, కాంట్రాక్టు కుదిరేదాకా మొదటి చెల్లింపు రాదు. వాయిదాలు మాత్రం ఆగవు.

తర్వాత కూడా తనిఖీలు ఉంటాయి. మీరు పంపిన వివరాల ప్రకారం ఇల్లు 1951లో కట్టింది. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలు ఉంటే, కిటికీ చట్రం మీద పెచ్చులూడిన పెయింట్ కూడా సీసం భయంతో ఫెయిల్ కిందకు వస్తుంది. ప్రాణాపాయమైన లోపాలకు 24 గంటలు, మిగతావాటికి సాధారణంగా 30 రోజులు. ఆలోపు బాగుచేయకపోతే ఏజెన్సీ తన వాటా ఆపేస్తుంది. ఆగిన 1,250ని కిరాయిదారును అడగడానికి వీల్లేదు. ఆ నెల మీకు వచ్చేది 300, కట్టాల్సింది 1,441. రెండు నెలలు అలా నడిస్తే 2,282 డాలర్లు, పెయింట్ పనివాడి బిల్లు అదనం. అదంతా మీ 6,500లోంచే. ఇక్కడ తప్పు ఏజెన్సీది కాదు. అది రూల్ ప్రకారమే నడుచుకుంది. హై పెర్ఫార్మర్ అయితే ఇంకా కచ్చితంగా నడుచుకుంటుంది.

సెక్షన్ 8 చెడ్డదని నేను అనడం లేదు. అప్పు లేకుండా డౌన్ పేమెంట్ పెట్టి, ఇంటికంటూ వేరే రిజర్వు ఉంచుకుని, బాగా చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. మీరూ మూడు నాలుగేళ్ల తర్వాత అలా చేయవచ్చు. రియల్ ఎస్టేటే కావాలంటే ఈలోగా అద్దె ఆస్తులున్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టే రీట్ ఫండ్‌లో కొద్దికొద్దిగా పెట్టుకోండి.

శుక్రవారం అడ్వాన్స్ కట్టకండి. హీలాక్‌ను ముట్టుకోకండి. 45,000 చేరేదాకా జీతం పడిన రోజే 1,200 హై యీల్డ్ సేవింగ్స్‌కి వెళ్లేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి, బోనస్, ట్యాక్స్ రీఫండ్ కూడా అందులోకే. జీవిత బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఒక్కటే ఉందంటే, అది సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. ఈ నెలలోనే సొంతంగా ఒక టర్మ్ పాలసీకి అప్లై చేయండి.