బాల్టిక్ పనికి వెళ్తున్న మనవరాలికి

బిడ్డా,

నీకు హెల్సింకిలో, బాల్టిక్ సముద్రాన్ని కాపాడే దేశాల సంఘం హెల్కామ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి మిర్యాలగూడలో కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు.

చలి బట్టలు అక్కడే కొనుక్కో. మందుల చీటీ బ్యాగులో పెట్టుకో.

అమెరికా, సోవియట్ కూటములు కత్తులు నూరుకుంటున్న 1974లో బాల్టిక్ చుట్టూ ఉన్న ఏడు దేశాలు ఆ సముద్రాన్ని కాపాడుకుందామని ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం మామూలు మాట కాదు. ఇప్పుడు తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ అందులో ఉన్నాయి. ఆ సముద్రం బయటికి పోయే దారి ఇరుకు, నీళ్లన్నీ మారడానికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. ఒకరి పొలంలో వేసిన ఎరువు ఇంకొకరి ఒడ్డున నాచై తేలుతుంది. తీర్మానానికి అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. నా భయమంతా అక్కడే.

సాగర్ ఎడమ కాలువ మీద నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో మేజర్ అనే ఒక ఉపకాలువ కింద పై ఊరికీ, చివరి ఊరికీ నీళ్ల పేచీ వచ్చింది. నీళ్లు వదిలామని వీళ్లు, రాలేదని వాళ్లు. ఎవరి లెక్క వాళ్లే రాసుకొచ్చారు. మా పై అధికారి ఒకాయన వేపచెట్టు కింద కూర్చుని, నీటిమట్టం చూపే గేజీ పలక వైపు చూడకుండానే, చివరి ఊరి పెద్దమనిషితో నిండు సభలో "నీది దొంగలెక్క" అన్నాడు. ఆ ముసలాయన తువ్వాల దులుపుకుని లేచిపోయాడు. పొట్ట దశలో ఉన్న వరి ఎండిపోతున్నా మళ్లీ మాటలకు రాలేదు. చివరికి కాలువ నీళ్లు చూసుకునే మా లష్కర్ ఊరికొకరిని వెంటబెట్టుకుని గేజీ దగ్గరికి నడిచాడు. పలకకు నాచు పట్టి అంకెలు కనపడటం లేదు. కొబ్బరిపీచుతో రుద్ది ఇద్దరితోనూ చదివించాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఇద్దరూ కలిసే చూసి, ఒకే పుస్తకంలో రాశారు. గొడవ సగం అక్కడే చల్లారింది.

నీకు కోపం ముక్కు మీదుంటుంది. మీటింగులో ఏ దేశాన్నీ దొంగను చేయకు తల్లీ. కొలిచే పద్ధతి ఒకటే ఉందా అని ముందు అడుగు. 2005లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నైరుతి మురుగునీటి ప్లాంటు మొదలైందంటే ఫిన్లాండ్, స్వీడన్ కూడా డబ్బు పెట్టాయి. తిడుతూ కూర్చుంటే అది లేచేదా? 2022 తర్వాత రష్యాతో కలిసి కూర్చునే మీటింగులు ఆగిపోయాయి. మీరు మాత్రం కొలతలు ఆపకండి. మళ్లీ కూర్చున్న రోజున మధ్య ఏళ్ల లెక్క కావాలి.

ఇంకొకటి. నీకు ఈత రాదు. సముద్రం నీటి నమూనాలు తేవడానికి ఓడ ఎక్కమంటారేమో. వెళ్లేలోపు నేర్చుకో. రేపే మొదలుపెట్టి నాకు ఫోన్ చెయ్యి.

మీ తాత